ట్యూబ్‌లైటు మీద పేరు

పోయిన ఉగాది సంచికలో ఈ శీర్షిక కింద మా ఆవకాయ జాడీ విమాన ప్రయాణం గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేసి మరీ నవ్వారు. ఈసారి తాబేళ్ళ గురించి రాస్తున్నాను. నవ్వాలో వద్దో చివర్లో మీరే తేల్చుకోండి.

నాకు తాబేళ్ళ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదని ముందే ఒప్పుకుంటున్నాను. హైస్కూల్లో ఉండగా మా అమ్మాయి సేవాకార్యక్రమాల గంటలు పూర్తి చెయ్యాల్సి వచ్చింది. హ్యూస్టన్‌కి దక్షిణాన సముద్రపు ఒడ్డున, దెబ్బతిన్న తాబేళ్ళకి వైద్యం చేసే చిన్న స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉంది. అమ్మాయికి అప్పటికి డ్రైవింగ్ లైసెన్సు లేదు గనక శనివారాల్లో సారథ్యం నాది. అది లోపల తొట్లు కడుగుతుంటే నేను కార్లో కూర్చుని జర్నల్ తిరగేసేవాణ్ణి.

ఒక శనివారం ఆ సంస్థ నడిపే పెద్దావిడ వచ్చి కారు అద్దం తట్టింది. "మీరు రేడియాలజిస్టట, మీ అమ్మాయి చెప్పింది. ఒక ఎక్స్‌రే చూసి పెడతారా?" అంది. ఇన్నేళ్ళుగా మనుషుల ఛాతీలు చూస్తున్నాను గానీ డిప్పలోపలి ఊపిరితిత్తులు చూడడం అదే మొదలు. తాబేలుకి అవి వీపు డిప్పకి ఆనుకుని పైన పరుచుకుని ఉంటాయి. కుడివైపు తెల్లటి మరక కనిపించింది. "న్యుమోనియాలాగే ఉందండీ" అన్నాను. వాళ్ళ పశువైద్యురాలిదీ అదే అనుమానమట. ఫీజు కింద చల్లారిపోయిన కాఫీ ఇచ్చారు. ఆ రోజు నించి నేను కార్లో కూర్చోవడం మానేశాను.

చలికీ సముద్రతాబేలుకీ పడదు. దాని ఒంటివేడి నీటివేడిని బట్టే ఉంటుంది. నీళ్ళు 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాయంటే దానికి కాళ్ళు ఆడవు. ఈదలేదు, మునగలేదు, తేలుతూ ఒడ్డుకి కొట్టుకొస్తుంది. గుండె ఎంత నెమ్మదిస్తుందంటే, చచ్చిపోయిందని మనం అనుకున్నది కూడా బతికే ఉండొచ్చు. పోనీ గబగబా వేడి చేద్దామా అంటే అదీ ప్రమాదమే. రోజుకి రెండు మూడు డిగ్రీల చొప్పున నిదానంగా పెంచాలి. అంటే రోజుల తరబడి హీటర్లు ఆగకూడదు, నీళ్ళు తిప్పే పంపులు ఆగకూడదు, కరెంటు పోకూడదు.

కరెంటు అనగానే 2021 ఫిబ్రవరి మీకూ గుర్తొచ్చే ఉంటుంది. పైపులు పగిలి, కరెంటు లేక, మా ఇంట్లో అందరం ఒకే గదిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం. ఆ వారంలోనే టెక్సస్ తీరంలో 12,000కి పైగా తాబేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి. సౌత్ పాడ్రే ఐలండ్‌లో జనం పడవల్లో, సొంత కార్లలో తెచ్చిన దాదాపు 5,000 తాబేళ్ళని పెట్టడానికి చోటు చాలక కన్వెన్షన్ సెంటర్లో నేలమీద వరసలుగా పరిచారు. అక్కడ వాటిని చూసే 'సీ టర్టిల్ ఇంక్' ఆస్పత్రికి కరెంటు పోతే, పొరుగునున్న స్పేస్ఎక్స్ వాళ్ళు పెద్ద జనరేటరు పంపారు. రాకెట్లు ఎగరేసే పొరుగువాళ్ళు అందరికీ ఉండరు కదా! మన చిన్న సంస్థకి పొరుగున ఉన్నది గాలాలూ ఎరలూ అమ్మే కొట్టు.

అందుకే పెద్దావిడ ఒక సొంత జనరేటరు కావాలంది. అంచనా కాగితం నా చేతిలో పెట్టింది. జనరేటరు 9,000 డాలర్లు. వరద నీళ్ళకి అందకుండా ఎత్తయిన దిమ్మ, గ్యాసు లైను, కరెంటు పోగానే తనంతట తాను జనరేటరుకి మార్చే స్విచ్చి, వైరింగు, అన్నీ కలిపి 11,000. అయిదేళ్ళ సర్వీసు, బ్యాటరీలు, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా సంరక్షణ 4,000. వెరసి 24,000.

మన కమిటీ ముందు పెట్టాను. పెట్టీ పెట్టగానే ఒక మిత్రుడు, "మన ఊళ్ళల్లో బడిపిల్లలకి బెంచీలు లేవు, ఇక్కడ తాబేళ్ళకి జనరేటరా?" అన్నారు. అది తీసిపారెయ్యాల్సిన మాట కాదు. నాకు తోచిన జవాబు నేను చెప్పాను. ఈ తీరపు కెంప్స్ రిడ్లీ తాబేళ్ళు 1947లో మెక్సికో ఒడ్డున ఒక్క రోజే 40,000 దాకా గుడ్లు పెట్టడానికి వచ్చాయని అప్పటి సినిమా రీలు చూసినవాళ్ళ అంచనా. 1985కి మొత్తం ఏడాదిలో దొరికిన గూళ్ళు 702. గుడ్లు తెచ్చి, పొదిగించి, తొట్లలో పెంచి వదిలితే గానీ ఈ మాత్రమైనా మిగల్లేదు. మా కాకినాడ దగ్గర హోప్ ఐలండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ దీనికి పినతల్లి బిడ్డే. అయినా సరే, సంఘం నిధిలోంచి ఒక్క డాలరు ముట్టకుండా, ఇష్టపడ్డవాళ్ళ దగ్గరే వసూలు చేద్దామని తేలింది.

అప్పుడు మా ట్రెజరర్ గారు అన్నారు: "డాక్టరు గారూ, ఆ 9,000 మనం ఇచ్చేద్దాం. మిగతాది వాళ్ళే చూసుకుంటారు. జనరేటరు మీదైతే మన సంఘం పేరు కనిపిస్తుంది. దిమ్మ మీద, వైర్ల మీద ఏం రాస్తామండీ?"

నాకు మా ఊరి గుడి ట్యూబ్‌లైటు గుర్తొచ్చింది. దాత పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ ఎర్రరంగుతో రాయించగా వెలుతురు రావడానికి జానెడు చోటు మిగిలేది. ఫ్యాను రెక్కల మీదా పేర్లే. తిరిగితే పేరు కనబడదు గనక, దాతగారు దర్శనానికి వస్తే పూజారిగారు ఫ్యాను ఆపేవారు. అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను.

2011లో మా వైద్యకళాశాల స్నేహితులం చందాలు వేసుకుని, మా జిల్లాలో ఒక చిన్న ఆస్పత్రికి ఎక్స్‌రే మిషను ఇచ్చాం. రిబ్బను కత్తిరించాం, ఫలకం పెట్టించాం, ఆ ఫొటో ఈ సావనీరులోనే అచ్చయింది. 2014లో వెళ్ళి చూస్తే మిషను మీద దుప్పటి కప్పి ఉంది. వోల్టేజి హెచ్చుతగ్గులకి లోపల ఏదో కాలిపోయింది. మంచి స్టెబిలైజరు మేం కొనలేదు, సర్వీసు ఒప్పందం రాయించలేదు. ఆ వసారాలోనే ఒక తాత విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాకినాడ బస్సు కోసం చూస్తున్నాడు. నర్సమ్మ ఏ వెటకారమూ లేకుండా, "ఫలకం మాత్రం రోజూ తుడుస్తున్నామండీ" అంది. తప్పు వాళ్ళది కాదు. మిషను ఇచ్చాం, అది నడిచే దారి ఇవ్వలేదు. వసూలు బాధ్యత నాదే గనక ఆ తప్పు నాది.

ఎవరూ మాట్లాడలేదు. వెనక వరసలో కూర్చున్న ఒక పిన్నిగారు నెమ్మదిగా అన్నారు: "క్షీరసాగరం చిలికినప్పుడు అమృతం ఎవరు తాగారో అందరికీ తెలుసు నాయనా. కింద కొండని మోసింది తాబేలే. పైకి కనబడిందా?" శ్రీకూర్మం వైపు ఆడపడుచు ఆవిడ. ఆ మాటతో 24,000 మొత్తానికీ వసూలు చెయ్యాలని నిర్ణయమైంది.

వసూళ్ళ భాగవతం మీకు తెలిసిందే. తాబేలు పిల్ల ఫొటో చూపిస్తే చెక్కు పుస్తకం బయటికొచ్చేది, స్విచ్చి బొమ్మ చూపిస్తే లోపలికి పోయేది. పెసరట్టు స్టాలు పెట్టాం. ఆయిలు కంపెనీల్లో పనిచేసే మిత్రులు తమ విరాళానికి సమానంగా కంపెనీచేత కూడా ఇప్పించారు. అన్నిటికన్నా పెద్ద సాయం మాత్రం మా ట్రెజరర్ గారిదే. ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఒక ఆదివారం వచ్చి ప్రతి పంపు మీదా ఉన్న అంకెలు రాసుకున్నారు. "మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుందండీ. అన్నీ ఒక్కసారి లేస్తే ఈ జనరేటరు చతికిలబడుతుంది" అని, ఒకదాని తరవాత ఒకటి మొదలయ్యేలా అమరిక గీసిచ్చారు. ఆ కాగితం మీద తన పేరు రాసుకోలేదు.

మేం 21,600 దగ్గర ఆగిపోయాం. మిగతాది ఎరల కొట్టాయన గల్లాపెట్టె పక్కన పెట్టిన డబ్బా నింపింది.

2025 జనవరిలో హ్యూస్టన్‌లో మంచు కురిసిన రాత్రి పెద్దావిడ మెసేజి పెట్టింది. కరెంటు పోయిందట, పంపులు వరసగా ఒక్కొక్కటే లేచాయట, తాబేళ్ళు నిద్రపోతున్నాయట. కాలేజీలో ఉన్న మా అమ్మాయికి పంపిస్తే, "నాన్నా, ట్రెజరర్ అంకుల్‌కి చెప్పావా?" అంది. చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "సర్వీసు వాళ్ళు పోయిన నెల వచ్చారా?" అని మాత్రం అడిగారు.

ఇక మా జిల్లా ఎక్స్‌రే మిషను సంగతి. దాన్ని బాగుచేయించి, సర్వీసు ఒప్పందం రాయించాలని పాత మిత్రులందరికీ ఉత్తరాలు రాశాను. ముగ్గురు సరే అన్నారు. మిగతావాళ్ళు "కొత్తది కొందాం, ప్రారంభోత్సవానికి మేమూ వస్తాం" అంటున్నారు.

ఈ ఉగాది నాడు పెసరట్టు స్టాలు పక్కన ఒక డబ్బా ఉంటుంది. దాని మీద దాతల పేర్లు ఉండవు. 'రిపేర్లకి' అని ఒక్క మాట రాసి ఉంటుంది. అల్లం పచ్చడి కోసం ఎలాగూ అటు వస్తారుగా!