దిండి పడవలో ఒక రాత్రి

పత్తి తీతలు ముగిసి, మామిడి కోతలు మొదలయ్యేలోగా ఎక్కడికైనా వెళ్ళివద్దామంటే మన ఇళ్ళలో మొదట వినబడే మాట "గొడ్లకు మేత ఎవరు వేస్తారు?" అని. ఎక్కువగా ఆడవారే ఆ మాట అంటారు. చుట్టాలింటికి వెళ్ళినా చేటా, పొయ్యీ వారి చేతికే వస్తాయి మరి. శిష్యులు అలసినప్పుడు ప్రభువు వారిని దోనెలో ఏకాంత స్థలానికి తీసికొని వెళ్ళిన సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉన్నది. (అక్కడికీ జనం ముందే చేరుకున్నారనుకోండి!)

వినగడప నుండి తిరువూరు, నూజివీడు మీదుగా ఏలూరు చేరి, భీమవరం, పాలకొల్లు దాటి, చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి అవతలికి వెళ్తే దిండి. అక్కడ పర్యాటక సంస్థ వారు కేరళ కెట్టువళ్ళం నమూనాలో పడవ ఇళ్ళు పెట్టారు. కెట్టువళ్ళమంటే మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన పడవ. పూర్వం వాటిలో ధాన్యం మోసేవారు. ఇప్పుడు పడకగది, స్నానాల గది, ముందు వసారా ఉంటాయి. వంట పడవవారిదే. మాతో వచ్చిన పెద్దమ్మగారు చాలాసేపు వంటగది గుమ్మంలోనే నిలబడ్డారు, "ఉల్లిపాయలైనా తరిగిస్తాను బాబూ" అంటూ. ఆమెను కూర్చోబెట్టడానికి అరగంట పట్టింది. కూర్చున్నాక మాత్రం చీకటి పడేదాకా లేవలేదు. రేవులో బట్టలుతికేవారినీ, వల విసిరేవారినీ చూస్తూ, "అందరూ పనిలో ఉన్నారు, నేనొక్కదాన్నే ఖాళీ" అని నవ్వారు. ఆమె అలా నవ్వగా మేము చూడడం తక్కువ.

నీటి ప్రయాణం మన తాతలకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ తరువాత ఏలూరు కాలువ రెండు నదులనూ కలిపింది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకుంటే మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు సువార్త పని చేసిన నరసాపురం కూడా ఈ వశిష్ఠ ఒడ్డునే ఉన్నది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో ఇంకా ఎక్కువమంది పోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే, కట్టిన డబ్బు పోయినా సరే, దిగిపొండి. పిల్లలకు వారి కొలతవి అడగండి. వరద రోజుల్లో అసలు వెళ్ళవద్దు. కట్లేరు పొంగితే ఎలా ఉంటుందో వినగడప వారికి మేము చెప్పాలా?

పడవలు మరమ్మతులో ఉండే రోజులున్నవి గనుక ముందే ఫోను చేసి కనుక్కొనండి. రెండు కుటుంబాలు కలిస్తే ఖర్చు తేలిక. ఆదివారం ఆరాధన అయ్యాక బయలుదేరితే సోమవారం రద్దీ తక్కువగా ఉంటుంది.