ఓపీ చీటీలో తెలుగుకు ఓ గడి

ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులో ‘న్యుమోనియా లక్షణాలు లేవు’ అని డాక్టరు రాస్తాడు. న్యుమోనియా కేసులు వెతికిపెట్టమంటే కంప్యూటర్ ఆ రిపోర్టునూ మోసుకొస్తుంది. వైద్య నివేదికలను యంత్రం చేత చదివించబోయిన వాళ్లను మొదట్నుంచీ ఏడిపించిన చిక్కుల్లో ఇదొకటి.

న్యూయార్క్ యూనివర్సిటీలో నవోమీ సేగర్ 1960లలోనే వాక్యాలను కంప్యూటర్‌తో విడగొట్టించే పని చేపట్టి, తర్వాత దాన్ని ఆస్పత్రి కాగితాల మీదికి మళ్లించారు. 1990లలో కొలంబియాలో కరోల్ ఫ్రీడ్‌మన్ తయారుచేసిన ‘మెడ్‌లీ’ ఎక్స్‌రే రిపోర్టులు చదివింది. 2001లో వెండీ చాప్‌మన్ బృందం తెచ్చిన ‘నెగెక్స్’ మరీ చిన్న ఉపాయం. లేదు, కాదు అనే అర్థమిచ్చే మాటల జాబితా, వాటికి దగ్గర్లోని కొన్ని పదాల మీద నిఘా. ‘గ్రామ్ నెగెటివ్’ బ్యాక్టీరియాను చూసి మోసపోకుండా ఇంకో జాబితా. ఇంత మోటు ఉపాయమూ ఫలించిందంటే, డాక్టర్లు ఇంగ్లీషులో ఎప్పుడూ అవే నాలుగు మాటలు రాస్తారు కాబట్టే.

రోగులు అలా మాట్లాడరు. ఖరగ్‌పూర్‌లోని మలంచానే తీసుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ రైల్వే పట్నానికి తెలుగువారి వలస ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, డ్యూటీలో హిందీ. ‘జ్వరం లేదు’, ‘జ్వరం తగ్గలేదు’... రెంటి చివరా ఉన్నది ‘లేదే’. ఒకరిని ఇంటికి పంపొచ్చు, రెండోవారిని పంపకూడదు. ‘వేడి చేసింది’ అంటే జ్వరమని రాసుకునే బెంగాలీ డాక్టరును తప్పుపట్టలేం. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్నదాన్ని మాటకు మాట మారిస్తే రోగి కంటి విభాగంలో తేలతాడు.

పైగా ఈ మాటలేవీ రికార్డుకెక్కవు. డాక్టరు తనకు అర్థమైనంత ఇంగ్లీషులో రాస్తాడు, యంత్రం దాన్నే చదువుతుంది. 2022 చివర్లో చాట్‌జీపీటీతో జనంలోకి వచ్చిన భాషా నమూనాలకు తెలుగు కొంత తెలుసు, నిజమే. కానీ రోగి అనని లక్షణాన్ని కూడా అవి తడుముకోకుండా రాసేయగలవు. రోగి అసలేమన్నాడో కాగితం మీద లేకపోతే సరిచూసేదెలా? 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వైద్య రికార్డును ఊరూరూ తిప్పే ఏర్పాటు. తప్పు రాత ఉంటే అదీ వెంట వెళుతుంది.

తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఓపీ చీటీలో రోగి మాటను అన్నది అన్నట్టు తెలుగులో రాసేందుకు ఒక గడి అడగడం ఆ హోదాకు మించిన కోరికేమీ కాదు.