సోమశిల నీళ్లు ఎవరి ఊళ్ల మీద నిలిచాయి?

ఐఏబీ మీటింగ్ వస్తుందంటే మనకు హడావుడి. సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయి, ఎడగారుకు ఎన్ని ఎకరాలకిస్తారు, చివరి కయ్యకు నీళ్లందుతాయా అని కొట్లాడతాం. కొట్లాడాలి కూడా. కానీ ఆ నీళ్లు ఎవరి ఊళ్ల మీద నిలబడి ఉన్నాయన్న మాట ఏ మీటింగులోనూ రాదు.

సోమశిల మన అనంతసాగరం మండలంలోని చిన్న ఊరు. పెన్న కొండల సందు దాటి బయటపడే చోట, సోమేశ్వరస్వామి గుడిని నమ్ముకుని బతికింది. 1970లలో డ్యామ్ పని మొదలయ్యాక దాని పేరు మద్రాసు దాకా పాకింది. 78 టీఎంసీల రిజర్వాయరు. మన డెల్టాకూ, కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో చెన్నై కుళాయిలకూ నీళ్లు ఇక్కడి నుంచే. కట్ట మన జిల్లాలో ఉంది గానీ మునిగిన ఊళ్లు కడప వైపువి. అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు, గోపవరం మండలాల రైతులు ఇళ్లూ పొలాలూ వదిలి పోయారు. మనం కొలిచే ప్రతి పుట్టి వడ్లలోనూ వాళ్ల పాలు ఉంది.

ఇక డ్యామ్ పక్కనే ఉన్నోళ్ల సంగతి. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టకు నీళ్లిస్తామన్న హైలెవల్ కాలువ ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. కళ్లెదుట సముద్రమంత నీళ్లు, చేతికి మాత్రం బోరు చుక్క!

2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది. పులపత్తూరు, మందపల్లి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ వరదంతా సోమశిలకు వచ్చింది. గేట్లెత్తితే కింది ఆప్రాన్ దెబ్బతింది, సోమేశ్వరుని గుడీ దెబ్బతింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే తెగిపోయింది. మా కయ్యల్లో మోకాలెత్తు ఇసుక మేట వేసింది. ఇసుక తీయడానికి ఎకరాకు ఎంతయిందో పెన్న ఒడ్డు రైతును అడగండి, తిట్టి మరీ చెబుతాడు.

ఈసారి ఐఏబీకి వెళ్లే మన సంఘం ప్రతినిధులు టీఎంసీల లెక్క కంటే ముందు మూడు ప్రశ్నలు వేయాలి. గేట్లెత్తే ముందు పెన్న ఒడ్డు ఊళ్లలో దండోరా ఎన్ని గంటల ముందు వేస్తారు? ఆప్రాన్ పనులు ఎంతవరకు వచ్చాయి? ముంపు రైతుల్లో ఇంకా పరిహారం అందనివాళ్లు ఎందరు? నోటి జవాబు వద్దు, కాగితం మీద రాయించుకుని రావాలి.