జానెడు లోతు కార్డు, మిట్ట మీది పట్టా

కురబలకోట మండలంలో ఏ మిట్ట ఎక్కి చూసినా కనిపించేది ఒకటే. పైన బండ, దాని కింద గరుసు నేల, ఇంకా దిగితే ఎర్రమట్టి, వంక దగ్గరికి పోయేసరికి నల్లగా జిగటగా మారిన మట్టి. మధ్యలో దూరం కొన్ని వందల అడుగులే. అయినా కాగితాల్లో అదంతా ‘ఎర్ర నేల’.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. అది చివికి మట్టవుతుంది. మిట్ట మీద ఆ మట్టిని వాన నిలవనీయదు. సన్నమట్టి, బంక కడుక్కుపోయి పల్లం చేరతాయి, పలుగురాళ్లు పైనే మిగులుతాయి. పల్లంలో నీళ్లు కదలక నిలిస్తే ఉప్పు తేలి చౌడు పడుతుంది. వంక ఒడ్డున గుంత తీస్తే ఒక పొర ఇసుక, ఒక పొర ఒండ్రు, మళ్లీ ఇసుక. ఏ వరద ఏం తెచ్చి పోస్తే అది. పది అడుగులు పక్కన తవ్వితే ఆ వరస ఉండకపోవచ్చు. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన మిల్నే అనే శాస్త్రవేత్త 1935లో మిట్ట నుంచి పల్లానికి మారే ఈ నేలల వరసకు ‘కెటీనా’, అంటే గొలుసు, అని పేరు పెట్టాడు. మేకలు కాసే మన పెద్దోళ్లకు ఆ పేరు తెలీదు గానీ గొలుసు మాత్రం బాగా తెలుసు.

ఇందులో హక్కుల మాటేముంది అంటారా? యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాలకు డి.కె.టి. పట్టాలు ఎక్కువగా ఎక్కడిచ్చారో చూడండి. చెరువు కింద మాగాణి అప్పటికే వేరేవాళ్లది. మిగిలిన బంజరు, అంటే గొలుసులో పై కొస, మనకొచ్చింది. రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు, 1/70 ఇక్కడ పనిచేయదు. ఆ ఎకరా, రెండెకరాలే దిక్కు.

2015లో కేంద్రం సాయిల్ హెల్త్ కార్డు తెచ్చింది. దాని లెక్కలో సాగునీరున్న చోట 2.5 హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధార భూమిలో 10 హెక్టార్లకు, అంటే సుమారు 25 ఎకరాలకు ఒకటి. నీళ్లున్నోడి మట్టిని నాలుగు రెట్లు దగ్గరగా చూస్తారన్నమాట! ఆ 25 ఎకరాల్లో మిట్టా ఉంటుంది, వంకా ఉంటుంది. వంక పక్క మట్టి తీస్తే ఆ అంకెలే మన గరుసు నేలకూ రాస్తారు. పైగా తీసేది 15 సెంటీమీటర్ల లోతు మట్టి. చూసే 12 అంశాల్లో నత్రజని ఉంది, జింకు ఉంది, కింద బండ ఎంత లోతులో ఉందన్న ప్రశ్న లేదు. బెట్ట వచ్చినప్పుడు వేరుశనగ నిలబడేదీ ఎండిపోయేదీ ముందు ఆ లోతును బట్టే.

అందుకే మట్టి నమూనాకు వచ్చినప్పుడు మన పిల్లలు పక్కనే ఉండాలి. మిట్టకొకటి, వాలుకొకటి, వంకకొకటి వేరేగా తీయమని అడగండి. మోకాలి లోతు గుంత తవ్వి, గరుసు ఎక్కడ తగిలిందో, బండ ఎక్కడ తగిలిందో ఫోటో తీసి సర్వే నంబరుతో సహా దాచుకోండి. చెరువు పూడిక మట్టి ముందు ఎవరి పొలానికి తోలాలని గ్రామసభలో మాట వచ్చిన రోజు, ట్రాక్టరున్నోళ్ల కన్నా ముందు లేచి ఆ ఫోటో చూపించండి.