మార్లవాయి ఫొటోలు మార్లవాయికి రావాలి

తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,

1940లో గోండు నాయకుడు కుమురం భీం జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పనిని అదే నిజాం ప్రభుత్వం ఒక ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయనే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గ్రామంలో గోండుల మధ్యే కాపురం పెట్టారు. అడవి దారుల్లో ఏ గూడేనికి వెళ్లినా ఆయన వెంట కెమెరా ఉండేది.

చెంచుల మీద 1943లో, పాపికొండల కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. ఆ ప్రయాణాల్లో తీసిన ఫొటోలు, సినిమా రీళ్లు, రాసుకున్న డైరీలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. అక్కడ భద్రంగానే ఉన్నాయి. చాలా ఫొటోలను ఇంటర్నెట్‌లో చూడొచ్చు కూడా. కానీ గూడెంలోని ఒక అవ్వ ఇంగ్లీషు జాబితాలు వెతికి తన తల్లి ముఖాన్ని పట్టుకోగలదా? ఫొటోయే ఆమె దగ్గరికి రావాలి.

హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన పెట్టి, రిబ్బన్ కత్తిరించి ఊరుకుంటే ఈ పని అయినట్టు కాదు. బయటివాళ్లు తీసిన పాత ఫొటోల కింద ‘గోండు స్త్రీ’, ‘చెంచు వేటగాడు’ అని రాసి వదిలేయడం ఆ రోజుల్లో మామూలు. ఆ స్త్రీకి ఒక పేరుంది, ఇంటిపేరుంది. అది చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు.

ఇలా పేర్లు కనుక్కునే పనిని కెనడా చేసి చూపించింది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఫొటోగ్రాఫర్ రిచర్డ్ హారింగ్టన్ తీసిన చిత్రాల్లో ఇన్యుట్ ప్రజలు చాలామంది పేరులేకుండానే ఉండిపోయారు. 2000ల తొలినాళ్లలో అక్కడి నునావుట్ విద్యార్థులు ఆ చిత్రాలను ల్యాప్‌టాప్‌లలో పెట్టుకుని సొంత ఊళ్లలోని పెద్దల దగ్గరికి వెళ్లారు. పెద్దలు మనుషులను గుర్తుపట్టి పేర్లు చెప్పారు. ఆ పేర్లు జాతీయ ఆర్కైవ్స్ రికార్డుల్లోకి ఎక్కాయి.

మన దగ్గర సమయం తక్కువ. హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉన్నప్పుడు అయిదేళ్ల పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ఊరి గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన వెళ్లిపోయారు. దండారి పండుగ వేషాల గురించి అలాంటివారు చెప్పగలిగింది ఏ డైరీలోనూ దొరకదు.

సోయాస్‌తో రాతపూర్వకంగా మాట్లాడి పెద్ద ప్రింట్లకు సరిపోయే ప్రతులు తెప్పించండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు గోండులు నలుమూలల నుంచీ బండ్లు కట్టుకుని వస్తారు. ఫొటోలు ముందు అక్కడ పెట్టండి. తర్వాత జోడేఘాట్ మ్యూజియంలో, ఉట్నూరులో, బెట్టీ సమాధి ఉన్న మార్లవాయిలో పెట్టండి. గోండి తెలిసిన యువతను పక్కన కూర్చోబెట్టి, పెద్దలు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయించండి. వివరణలు గోండిలో, తెలుగులో ఉండాలి.

పూజలు, చావు కర్మల ఫొటోలను నలుగురిలో పెట్టాలా వద్దా అన్నది గోండు పెద్దలు, ఆయా వంశాలవారే తేల్చాలి. వద్దంటే తీసేయాలి, ఆ మాటకు తిరుగు ఉండకూడదు.

కొండరెడ్ల ఫొటోల సంగతి ఇంకా తొందరగా చూడాలి. పాపికొండల దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న వారి గూడేలను పోలవరం ప్రాజెక్టు ముంపు ఖాళీ చేయిస్తోంది. ఆ కుటుంబాలు ఇప్పుడు పునరావాస కాలనీలకు చెదిరిపోతున్నాయి. ఊరు, ఏరు, మనిషి ఒకే ఫొటోలో ఉన్నప్పుడు అది ఏ ఊరో చెప్పగలిగే పొరుగువాళ్లు ఒకచోట దొరకడం రోజురోజుకీ కష్టమవుతుంది. ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖను కూడా కలుపుకుని ఆ కాలనీలకూ ఫొటోలు తీసుకెళ్లండి. ఎవరినైనా గుర్తుపడితే, ఆ ఫొటో ప్రతి ఒకటి ఆ కుటుంబానికి డబ్బు తీసుకోకుండా ఇవ్వండి.