ద్రాక్షను తూకముతోనే గాక నాలుకతో కూడ కొలువవలెను
(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి. అగ్రికల్చర్, హబ్సిగూడ)

మార్చి నెలలో తార్నాక నుండి హబ్సిగూడ వచ్చు రోడ్డు ప్రక్కన ద్రాక్ష బండ్లు బారులు తీరియుండును. కొనువారు గుత్తి నిండుదనము చూతురు, పండు లావు చూతురు, ధర అడిగి తూకము వేయింతురు. రుచి సంగతి ఇల్లు చేరిన పిమ్మటగాని తెలియదు. పులుపు తగిలినచో మరునాడు ఆ బండివైపు కన్నెత్తి చూడరు. ఈ పద్ధతివల్ల తుదకు నష్టపోవువాడు రైతే యని నా అభిప్రాయము.

గత వేసవిలో మేడ్చల్ ప్రాంతపు రైతు ఒకరు తమ తోటలోని ద్రాక్షను రెండు పెట్టెలు తెచ్చిరి. ఆ పండ్లను, రెండు బండ్లమీద కొన్న పండ్లను వేరువేరు పళ్లెములలో పోసి, పేర్లు వ్రాయక అంకెలు మాత్రమే వేసి, నలుగురము రుచి చూచితిమి. ఆ రైతు మూడవ పళ్లేనికి కడపటి స్థానమిచ్చెను. అది ఆయన తోటదే! రిఫ్రాక్టోమీటరుపై ఒక చుక్క రసము వేసి చూడగా 13 డిగ్రీల బ్రిక్స్ మాత్రమే వచ్చినది. తక్కిన రెండును 16, 18 చూపినవి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. "రంగొచ్చింది గద అని కోసిన సారు. బేరగాడు తొందరపెట్టె, అడ్వాన్సు తీసుకుంటిని" అనెను. ఆయన కోసినది పన్నెండు దినములు ముందుగా. ఇందులో నా తప్పును గలదు. పిందె దశలో ఆ తోట చూచినప్పుడు తీగెపై గుత్తులు మితిమీరి యున్నవని తెలిసియు, కొన్నింటిని తీసివేయుడని గట్టిగా చెప్పనైతిని.

మామిడిని కోసి మాగవేయవచ్చును. అరటిని గెలగా దింపి పండించవచ్చును. ద్రాక్ష అట్లు కాదు. తీగెను విడిచిన తరువాత దానిలో తీపి పెరుగదు. నీరు ఆరి కొంచెము వాడునే గాని పండదు. కాబట్టి కోత దినమును నిర్ణయించుటలోనే రైతు సంవత్సరపు కష్టమంతయు ఇమిడియున్నది.

ఈ రుచి పరీక్షను శాస్త్రముగా పెంచినవారు పాశ్చాత్య దేశములలోని వైన్ పరీక్షకులు. వారు మొదట రంగు చూతురు, పిదప వాసన, ఆ పిదప తీపి, పులుపు, వగరు, చివర నాలుకపై నిలుచు రుచి. ఒకే షార్డనే రకము ఫ్రాన్సులోని చల్లని షాబ్లీలో పులుపు మిగుల్చుకొనును. వెచ్చని కాలిఫోర్నియా లోయలలో తీపి పట్టి పులుపు తగ్గును. రాత్రులు వేడిగా నున్నచో పండులోని మాలిక్ ఆమ్లము త్వరగా ఖర్చగుటయే ఇందుకు ముఖ్యకారణము. 1976 మే 24న పారిస్ నగరములో పేర్లు దాచి పరీక్ష జరిపినప్పుడు, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే ఎరుపులోను, తెలుపులోను కాలిఫోర్నియా వైనులకు ప్రథమ స్థానమిచ్చిరి. పేరు చూడని నాలుక పక్షపాతము చేయదు. మేడ్చల్ రైతుకు జరిగినదియు అదే.

మద్యమును గూర్చి ఈ పత్రికలో ఏల వ్రాసితిరని ఎవరైన అడుగవచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటమును తెలుగువారు మరువలేదు, మరువరాదు. ఒక విషయము గమనింపుడు. వృత్తి పరీక్షకులు నోటబోసికొన్న వైనును మ్రింగరు, ఉమిసివేయుదురు. మనకు కావలసినది వారి నేర్పే గాని వారి సీసా కాదు.

వైన్ ద్రాక్ష నాటిన లాభము వచ్చునని వినికిడితో ఉరుకువారికి ఒక హెచ్చరిక. కాబర్నే సావిన్యాన్, షిరాజ్ వంటి రకములు చిన్న పండ్లు, మందపు తోలు గలవి. వాటిని బజారులో తినుటకు కొనువారు అరుదు. 2008 తరువాత గిరాకీ పడిపోగా నాసిక్ ప్రాంతమున పలువురు వైన్ తీగెలను పెరికి, తినెడు రకములు నాటుకొనిరి. కొనువారితో వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే ఒక్క మొక్కయు నాటరాదు.

మన హైదరాబాదుకు స్వంత కీర్తి గలదు. అనాబెషాహీ, అనగా రాజద్రాక్ష, ఈ నగర పరిసరములలోనే పేరొంది దక్షిణదేశమంతట వ్యాపించినది. పొడవైన పండు, గింజలు గలది, విరివిగా కాయునది. దానిని ఒక తల్లిగా గైకొని బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు అర్క కాంచన్, అర్క సోమ రకములను రూపొందించిరి. నగరము పెరిగి, తోటల స్థానమున ఇండ్లు లేచి, సాగు బహుగా తగ్గినది. రాజేంద్రనగరులోని ద్రాక్ష పరిశోధన కేంద్రములో నేటికిని పలు రకములను ప్రక్కప్రక్కన చూడవచ్చును. మిగిలిన తోటలనైనను నిలుపుకొనవలెనన్న, నాసిక్ నుండి వచ్చు పండుతో మన పండు లావులో గాక రుచిలో పోటీపడవలెను.

అందుకు పెద్ద ఖర్చేమియు లేదు. కోతకు రెండు వారములు ముందునుండి రెండు మూడు దినముల కొకసారి పరీక్షింపుడు. ఎండవైపు, నీడవైపు గుత్తులు రెండును తీసికొనుడు. గుత్తి పైభాగము, నడుమ, కొన, ఈ మూడు చోట్ల నుండి పండ్లు కోయుడు. కొన పండు అన్నిటికన్న ఆలస్యముగా పండును, కావున అది తియ్యగా నున్నచో గుత్తి సిద్ధమైనట్లే. మందు చల్లినచో నిర్ణీత గడువు గడచిన తరువాతనే కడిగి నోట వేసికొనుడు. ఒక్కొక్క పండునకు నడుమ నీటితో నోరు పుక్కిలింపుడు. అనాబెషాహీకి 15, 16 డిగ్రీలు, థాంప్సన్ సీడ్‌లెస్‌కు 18 డిగ్రీల బ్రిక్స్ వచ్చువరకు ఓపిక పట్టుడు. అంకె ఒక్కటే చాలదు. తీపితోపాటు తగు మాత్రము పులుపు నిలిచిననే పండు చప్పగా నుండదు. పరికరము అంకె చెప్పును, నాలుక ఆ పొంతన చెప్పును.

గ్రామాధికారులకు, విస్తరణాధికారులకు నా మనవి యొక్కటి. ద్రాక్ష పండించు ప్రతి మండలమునకు ఒక రిఫ్రాక్టోమీటరు ఉండవలెను. కోతకాలములో రైతు వేదికయందు ఒక ఉదయము పేర్లు దాచి పండ్ల పరీక్ష జరుపవలెను. బేరగాండ్రను కూడ పిలువవలెను. బ్రిక్స్ ననుసరించి ధర కట్టు అలవాటు అక్కడనుండియే మొదలు కావలెను. పక్వమైన పండునకును పచ్చి పండునకును ఒకే ధర పలుకునంత కాలము ఆగిన రైతు నష్టపోవును, తొందరపడినవాడు గెలుచును. ఆ లెక్కను తలక్రిందులు చేయుట మన చేతిలోనే యున్నది.

ఆ మేడ్చల్ రైతు ఈ యేడు బేరగాని వద్ద అడ్వాన్సు తీసికొనలేదు. పిందె దశలోనే గుత్తులు తగ్గించెను. కోతకు ముందు నన్ను పిలిచి, పళ్లెములపై అంకెలు వేయించి, తాను మరల రుచి చూచెను. ఈసారి తన పండునకు తానే మొదటి స్థానమిచ్చెను.