అప్పు ఆపితే ఎవరి చదువు ఆగుతుంది?

పోయిన నెల మన పట్టిమండ్రంలో "పై చదువులకు బ్యాంకు అప్పులు ఆపేయాలి" అన్న పక్షానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. ఉద్యోగం రాకముందే అప్పు నెత్తికెక్కుతుంది, అప్పు దొరుకుతుంది కదా అని కాలేజీలు ఫీజులు పెంచుతాయి అన్నారు. రెండూ కాదనలేం. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి వెళ్ళి మా అక్కని చూశాక సిగ్గేసింది.

మా ఇంట్లో నైనాది తెలుగు, అమ్మది తమిళం. డబ్బు మాట వస్తే మాత్రం ఇద్దరూ తమిళమే. అక్కకి నర్సింగ్ సీటు వచ్చేసరికి అన్న ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉన్నాడు. అమ్మ నగలు అప్పటికే అన్న ఫీజు కోసం తాకట్టులో ఉన్నాయి. అక్కకి మిగిలింది బ్యాంకు ఒక్కటే. 4 లక్షల లోపు చదువు అప్పుకి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. నైనా కూడా సంతకం పెట్టారు గానీ అప్పు అక్క పేరు మీదే. "అప్పున్న పిల్లని ఎవరు చేసుకుంటారు?" అని మేనత్త అననే అంది. ఈరోజు అక్క తన జీతంలోంచి నెలనెలా కడుతోంది. ఆ అప్పు పుట్టకపోతే అక్క చదువు ప్లస్ టూతో సరి.

బ్యాంకు అప్పు ఆపినంత మాత్రాన అప్పులు ఆగవు. తాకట్టు కొట్టుకో, కందువడ్డీకో పోతాయి. చదువు అయ్యాక ఏడాది దాకా బ్యాంకు ఆగుతుంది, వడ్డీవాడు మొదటి నెలే గుమ్మంలో నిలబడతాడు. ఇంట్లో ఉన్నది ఒక్క గొలుసే అయితే అది కొడుకు చదువుకి పోతుందా, కూతురి చదువుకి పోతుందా? జవాబు మనందరికీ తెలుసు.

ఇంకో సంగతి. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకపోతే చదివే కాలపు వడ్డీ కేంద్రం కట్టే పథకం ఉంది. అది వృత్తి, సాంకేతిక కోర్సులకే. బీఏ చదివే మనకి ఆ తలుపు ఎప్పుడో మూసేశారు. ప్రభుత్వ బడి నుంచి వచ్చినవాళ్ళకి అందే పుదుమై పెణ్ 1000 రూపాయలూ డిగ్రీతో ఆగిపోతాయి. ఊరు దాటి ఎంఏకి వెళ్ళాలంటే హాస్టల్ డబ్బు ఎవరిని అడగాలి?

ముందు ఫీజులు తగ్గించనీ, ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు, హాస్టళ్ళు పెంచనీ. అప్పుడు అప్పు అడిగేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు. అదేమీ చెయ్యకుండా అప్పు ఒక్కటే ఆపడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

నా చప్పట్లు నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీ ఇంట్లో నగలు ఎవరి ఫీజుకి తాకట్టుకి వెళ్ళాయో ఒక్కసారి అడిగి, ఆ తర్వాత మీరూ చెప్పండి.